ట్యూబ్‌లైటుకు దండం

పొద్దుగూకి లైటు వేయగానే చేతులు జోడించి కళ్లకద్దుకోవడం నాకు ఎవరూ పనిగట్టుకుని నేర్పలేదు. కర్నూలుకు పడమట, మా పల్లెలో అమ్మ చేసేది, మేమూ చేసేవాళ్లం. అది బల్బా, గుడ్డిదీపమా అని చూసుకునేది లేదు. ఇంటికి ఎవరైనా వస్తే రమ్మంటాం కదా, వెలుగు వచ్చినా అంతే.

ప్రేమించి పెళ్లి చేసుకుని బేతంచెర్లలో క్రైస్తవుల ఇంటికి కోడలినయ్యాను. మా ఆయన బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. సాయంత్రం ఇల్లు చేరేసరికి కనురెప్పల మీద కూడా తెల్లటి దుమ్ము ఉంటుంది. బాప్తిస్మం నేను ఇష్టపడే తీసుకున్నాను, ఎవరి బలవంతమూ లేదు. బొట్టు మానేశాను. గాజులు మాత్రం ఉంచుకున్నాను. అత్త వాటి జోలికి రాలేదు.

మొదటి వారంలోనే దొరికిపోయాను. హాల్లో లైటు వేసి, అలవాటుగా చేతులు జోడించాను. వెనక అత్త నిలబడి ఉంది.

"ఏందమ్మా అది, ట్యూబ్‌లైటుకు దండం పెడ్తాండావు?"

"అలవాటు అత్తా."

"వెలుగిచ్చినోనికి పెట్టల్ల గానీ, వెలుగుకు పెడ్తారా?"

మరి కరెంటోళ్లకు పెట్టమంటావా అని నాలుక చివరిదాకా వచ్చింది. కొత్త కోడలిని కాబట్టి మింగేశాను.

ఆమెకు నా మీద ఉన్నది కోపం కాదు, అనుమానం. "నోరు ఒప్పుకునింది గానీ చేతులు ఇంగా ఒప్పుకోలేదురా" అని కొడుకుతో అనడం విన్నాను. రోజూ దీపాలవేళ మా ఇంట్లో కుటుంబ ప్రార్థన జరుగుతుంది. ఒకరోజు అత్త చేసేది, ఒకరోజు మా ఆయన. ఆడబిడ్డ వస్తే ఆడబిడ్డ చేసేది. నా వంతు మాత్రం రాలేదు. నేను ఆమెన్ అనే మనిషిని. వంటిల్లు నాకు అప్పగించింది, బీరువా తాళాలు అప్పగించింది, ప్రార్థన మాత్రం అప్పగించలేదు. అది నన్ను చాలా బాధపెట్టేది. దేవుడు నా మాట వింటాడని తెలుసు. నాకు కావలసింది అత్త వినడం.

ఒక చేత్తో స్విచ్చి వేసి, రెండో చేత్తో కొంగు గట్టిగా పట్టుకునేదాన్ని. అయినా ఏదో ఒక పూట చేతులు కలిసిపోయేవి, గాజులు మోగేవి. లోపలినుంచి అత్త గొంతు సవరించుకునేది.

కొన్నేళ్లకు అత్తకు చూపు తగ్గింది. నీటికాసులని కర్నూలులో డాక్టరు చెప్పాడు. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నదాన్ని కాపాడుకుందాం అన్నాడు. మందులు వేస్తూనే ఉన్నాం, ఉన్నదీ పోయింది. ఆమె చూడలేదు కదా అని దండం పెట్టుకోవడం దొంగతనంలా అనిపించి, ఈసారి పట్టుబట్టి పూర్తిగా మానేశాను.

ఒక సాయంత్రం లైటు వేసి వంటింట్లోకి పోతుంటే మంచం మీదినుంచి పిలిచింది.

"లైటు వేస్తివా, తీసేస్తివా?"

"వేసినా అత్తా."

"మరి గాజులు మోగలేదే?"

నాకు అర్థం కాలేదు.

"స్విచ్చి వేసినా టక్కంటాది, తీసినా టక్కంటాది. నాకెట్ల తెలుస్తాది? నీ గాజులు మోగితే ఇంట్లో లైటొచ్చినట్ల. నువ్వు మానేసినప్పట్నుంచి నాకు యాపొద్దు చీకటైతాండాదో తెలీకుండా ఉండాది."

మంచం పట్టె మీద కూర్చుని ఏడ్చాను. "ఏడ్చేదానికేముండాది, పొయ్యి మీద పాలు చూసుకో పో" అంది అత్త.

ఆ రోజునుంచి లైటు వేసి నేను చేతులు జోడించేదాన్ని. గాజులు మోగగానే అత్త "స్తోత్రం తండ్రీ" అనేది. ప్రార్థన మాత్రం తల్లీకొడుకులదే.

మొన్న ఎండాకాలంలో ఒక సాయంత్రం గాలివానకు కరెంటు పోయింది. మా ఆయన ఫ్యాక్టరీ నుంచి ఇంకా రాలేదు. ఇంట్లో మేమిద్దరమే. పొద్దుగూకింది కదా అని ఏదో ధ్యాసలో స్విచ్చి వేసి చేతులు జోడించాను. గాజులు మోగాయి. లైటు రాలేదు.

అత్త నవ్వింది. "ఫ్యాను నిలిచి ఎంతసేపాయ! కరెంటు యాడుండాది? ఈ పొద్దు చీకటికే దండం పెడ్తివి."

సిగ్గేసి చేతులు దించబోయాను. గాజుల కదలిక ఆమెకు వినబడింది.

"దించొద్దులేమ్మా. నేను దినామూ చీకట్లోనే కదా పెట్టుకుంటాండేది."

కొవ్వొత్తి వెతకబోతే "అదెవరికి? ఇట్లొచ్చి కూచో" అంది. తడుముకుని నా చెయ్యి పట్టుకుంది.

"ఈ పొద్దు ప్రార్థన నువ్వు చెయ్యి."

ఈ మాట కోసం ఇన్నేళ్లుగా ఎన్ని ప్రార్థనలు మనసులో కూర్చుకుని పెట్టుకున్నానో. ఒక్కటీ గుర్తు రాలేదు. "స్తోత్రం తండ్రీ" అన్నాను.

అత్త నా రెండు చేతులనూ తన చేతుల మధ్య పెట్టుకుని, చెవి దగ్గరికి తెచ్చింది. గాజులు మోగాయి.

"ఊ, ఇంగా" అంది.