స్వరూప పెట్టిన తీర్మానం

స్వరూప సిరిసిల్లలో మరమగ్గాల కార్మికుడి ఇంట్లో పుట్టింది. తండ్రి సమ్మెలో ఉన్న రోజుల్లో గంజి తాగి పడుకున్న పిల్ల. అందుకే, నారాయణగూడలో రేషను కార్డులిచ్చే ఆఫీసులో గుమాస్తాగా చేరాక అక్కడి సీనియర్ గుమాస్తా రామచంద్రయ్య యూనియన్‌లోకి రమ్మంటే, ఎందుకని అడగలేదు. ఆఫీసులో ఆయన ఆమెకు పెద్దదిక్కు. తొంభై ఆరు నాటికి ఆమెను యూనియన్ శాఖ కార్యదర్శిని చేసింది కూడా ఆయనే.

ప్రభుత్వంలో ఉద్యోగులు ఎక్కువైపోయారని పేపర్లు రాస్తున్న కాలమది. పరిపాలనా సంస్కరణ అన్న మాట వినబడితే చాలు, మన కొలువులకు ఎసరు పెడుతున్నారని స్వరూప గేటు మీటింగుల్లో గొంతెత్తి చెప్పేది. నమ్మే చెప్పేది.

అలాంటి ఒక మీటింగు ముగిశాక మాసమ్మ ఆమె దగ్గరికి వచ్చింది. మహబూబ్‌నగర్ జిల్లా మనిషి. రాంనగర్ బస్తీలో కిరాయి గది, అశోక్ నగర్‌లో కడుతున్న అపార్ట్‌మెంట్ల దగ్గర ఇసుక మోసే పని. కార్డు కోసం కూలి పోగొట్టుకుని తిరుగుతోంది. ఇంటి ఓనరు రాసిచ్చిన కాగితం కావాలన్నారు. అది తెస్తే ఊళ్లో కార్డు రద్దు చేయించుకు రమ్మన్నారు. అదీ అయ్యాక, ఆమె పనికి పోయిన వేళ విచారణకు వెళ్లి, గదికి తాళం ఉందని దరఖాస్తు పక్కన పడేశారు.

"కూలోళ్లంత ఒక్కటి గావాలంటివి గదక్కా. నేను గూడ కూలిదాన్నే. మరి నా కార్డు సంగతేంది?" అంది మాసమ్మ. అందులో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అడిగింది.

స్వరూప ఆ దరఖాస్తు వెతికించి, విచారణ మళ్లీ పెట్టించి, కార్డు ఇప్పించింది. అయినా మనసు కుదుటపడలేదు. తను పూనుకుంటే కదిలిన కాగితం మామూలుగా ఎందుకు కదలదు? తాళం ఉందని పక్కన పడేసిన మిగతా దరఖాస్తుల సంగతేమిటి?

చిక్కడపల్లిలో రామచంద్రయ్య ఇంటి డాబా మీద కార్యవర్గం కూర్చున్న రోజు ఆమె ఒక తీర్మానం పెట్టింది. ఏమేం కాగితాలు కావాలో మొదటి రోజే అన్నీ ఒక్కసారి చెప్పాలి. బస్తీల్లో విచారణ, జనం పనికి పోకముందే చేయాలి. ఎప్పుడు రావాలో రాసిచ్చి, ఆ రోజుకు పని ముగించాలి.

రామచంద్రయ్య ఓపికగా విన్నాడు. "నువ్వు చెప్పేది మంచిగనే ఉన్నది స్వరూపా. కాని ఉన్నోళ్లతోనే ఇంత పని అయితదని మనమే చూపిస్తే, ఖాళీలు నింపుతరా? నాలుగు కుర్సీలు తీసేస్తరు."

"మనం సక్కజేయకుంటే సర్కారోళ్లు వాళ్ల తీరుగ జేస్తరన్నా. అప్పుడు మన దిక్కు మాట్లాడెటోడు ఉండడు. జనం మనల్ని తిట్టుకుంట పోతున్నరు."

చేతులెత్తమంటే ఆమె చెయ్యి ఒక్కటే లేచింది.

మర్నాడు ఆమె ఆఫీసరును అడిగి, తన సీటు వరకు ఆ పద్ధతి మొదలుపెట్టింది. ఖర్చు లేని పని గనుక ఆయన సరేనన్నాడు. నెల తిరిగేలోగా యూనియన్ ఆమెను కార్యదర్శి పదవి నుంచి తప్పించింది. క్యాంటీన్‌లో ఆమె కూర్చున్న బల్ల దగ్గరికి ఎవరూ వచ్చేవారు కాదు. అది ఆమెను బాగా బాధపెట్టింది. కానీ దరఖాస్తులు తీసుకునే కిటికీ దగ్గర తోపులాట తగ్గడం అందరూ చూశారు. మెల్లగా పక్క సీటతను, తర్వాత ఇంకొకామె అదే దారి పట్టారు.

తొంభై ఎనిమిదిలో రామచంద్రయ్య రిటైరయ్యాడు. ఆయన ఖాళీ నింపలేదు. ఈ ఆఫీసులో పని చురుగ్గా సాగుతున్నందున అదనపు మనిషి అక్కర్లేదని పైనుంచి జవాబు వచ్చింది.

ఆ సాయంత్రం స్వరూప నేరుగా చిక్కడపల్లి వెళ్లింది. "నువ్వన్నట్లే అయిందన్నా," అంది.

ఆయన కుర్చీ చూపించాడు. "నేను గీ కొలువుల సంగతి ఒక్కటే చూసిన. నువ్వు జనాన్ని చూసినవ్. నా లెక్క తప్పలే, నీది గూడ తప్పలే. జర చాయ్ తాగు, తర్వాత మాట్లాడుదం."

ఇద్దరూ కూర్చుని కొత్త డిమాండు తయారు చేశారు. ఖాళీ నింపాలి, కొత్త పద్ధతి కూడా ఉండాలి. ఈసారి కార్యవర్గం ఒప్పుకుంది. దానికోసం చేసే ధర్నా భోజన విరామంలోనే చేయాలని, కిటికీ మూయకూడదని స్వరూప పట్టుబట్టి సాధించుకుంది. ఆ ఖాళీ మాత్రం నిండలేదు. రామచంద్రయ్య సీటు పని కూడా స్వరూప మీదే పడింది. పొద్దున ఆయన ఫైళ్లు, మధ్యాహ్నం గేటు దగ్గర నినాదాలు, ఆ తర్వాత కిటికీ.