ఖాళీ చేతుల సారు

గద్వాలలో మాకు ప్రోగ్రామింగ్ చెప్పిన కాంట్రాక్టు సారు ఏనాడూ పెన్ను తెచ్చుకోలేదు. బెంచీల మధ్య నిలకడ లేకుండా తిరుగుతూ, రాయాల్సి వస్తే ఎవరో ఒకరి ముందు చెయ్యి చాపి, "ఇయ్యి" అనేవారు.

"నేను తెచ్చుకుంటె గదొక్కదాంతోనే రాయాలె. మీరిస్తె రాసేదేదైనా సరే. ప్రోగ్రాంల మనం రాసే క్లాసు గూడ గిట్లనే ఉండాలె. కావల్సింది లోపల తయారు చేసుకోవద్దు, బయటినుంచి అందుకోవాలె." డిపెండెన్సీ ఇంజెక్షన్ గురించి ఆయన చెప్పిందంతా అదే. మేం పిసినారితనం అనుకున్నాం.

ప్రాక్టికల్స్ రోజు నెట్ పోయింది. రైతులకు పత్తి ధరలు మెసేజ్ చేసే నా ప్రాజెక్టు నిలిచిపోయింది. మెసేజ్ పంపేదాన్ని నేను రాసిన క్లాసు తన లోపలే తయారు చేసుకుంటోంది మరి.

"చాయ్ తాగొస్త. అప్పటిదాంక నడవకుంటె ఫెయిలే," అని ఎగ్జామినర్ లేచాడు.

సారు నా వెనకాల అటూ ఇటూ తిరిగారు. "పరేషాన్ గాకు. మెసేజ్ పంపేదాని బదులు తెరమీద చూపెట్టేదొకటి రాసి, బయటినుంచి ఇయ్యి."

పంపేదాన్ని క్లాసులోంచి తీసేసి, చూపెట్టేదాన్ని బయటినుంచి ఇచ్చాను. ధరలన్నీ తెరమీదే వచ్చాయి. ఏ రైతుకూ చేరలేదు గాని, నేను పాసయ్యాను.

రికార్డు మీద సంతకానికి సారు చెయ్యి చాపారు. నా దగ్గర ఆకుపచ్చ స్కెచ్ పెన్నే ఉంది. దాంతోనే పెట్టారు. ఏటా కాంట్రాక్టు పొడిగింపు కోసం తిరిగే ఆయన, నా రికార్డులో మాత్రం ఆకుపచ్చ సంతకం పెట్టే గెజిటెడ్ అధికారి.