నీలం రంధ్రం, లారీ లప్పం

ఆ రోజుల్లో బళ్లారిలో ఏ వస్తువుకైనా రెండు రంగులుండేవి. కొన్ననాటిది ఒకటి, వారం తర్వాతది ఇంకొకటి. ఆ రెండోది మాత్రం అన్నింటికీ ఒకటే, ఎరుపు. ఖనిజం మోసే టిప్పర్లు తెరిపి లేకుండా తిరిగేవి. గనుల డబ్బు ఎవరెవరి ఇళ్లకు వెళ్లిందో నాకు తెలియదు గానీ, దుమ్ము మాత్రం పక్షపాతం లేకుండా అందరి ఇళ్లకూ వచ్చింది. (గాంధీనగర్‌లో మా అద్దె ఇంటికి కొంచెం ముందుగానే వచ్చింది, మాది మూలమీది ఇల్లు.) నాకప్పుడు ఇరవై మూడేళ్లు. ఒక లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్‌ని. టిప్పరు వేబ్రిడ్జి ఎక్కగానే బరువు చూసి చీటీ ప్రింటు తీసి ఇవ్వడం నా పని. ఆ ఒక్క పని చేతనైనందుకే కంప్యూటర్ల గురించి సర్వం తెలిసినవాడినని అందరినీ నమ్మించాను. అందరికంటే ముందు నేనే నమ్మాను.

మా నాయన సంగనకల్లు దగ్గర సేద్యం చేస్తూనే పద్య నాటకాలు ఆడేవాడు. రాజు వేషం కట్టి రాగం తీస్తే చుట్టుపక్కల నాలుగు ఊళ్లు కదిలి వచ్చేవట. నేను పెద్దయ్యేసరికి ఆ గొంతు పోయింది. ఒక డాక్టరు దుమ్ము అన్నాడు, ఇంకొకాయన నశ్యం అన్నాడు, మా అమ్మ దిష్టి అంది. ఎవరి మాట నిజమైనా, మిగిలింది దగ్గూ, గుసగుసలాంటి మాటా. ఆయన పాత గొంతుకు సాక్ష్యంగా ఒకే ఒక్క క్యాసెట్టు ఉండేది. కంప్లిలో ఆడిన నాటకాన్ని ఎవరో పుణ్యాత్ముడు టేపురికార్డరు పెట్టి పట్టింది. వినీ వినీ రీలు అరిగిపోయింది. ఇంకొక్కసారి తిరిగితే తెగుతుందని అమ్మ దాన్ని బీరువాలో పట్టుచీర కింద దాచింది. దాన్ని ఇంట్లో ఉన్న నా కంప్యూటర్లోకి ఎక్కించి, మంచి స్పీకర్లలో నాయనకు ఆయన గొంతు ఆయనకే వినిపించాలని నా కోరిక. ఆయన ఆరోగ్యం చూస్తే ఆలస్యం చేసే వీలు లేదని నాకు తెలుసు. ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరమూ పైకి అనలేదు.

స్పీకర్ల విషయంలో మొదటి సలహా మా యజమానిది. ఆయన్ని అందరం సావుకారు అనేవాళ్లం. నిన్నమొన్నటిదాకా వేరుశనగ పండించిన మనిషి, ఇప్పుడు టిప్పర్లకు అధిపతి. ఇంట్లో అయిదు స్పీకర్ల సెట్టు కొని, గదికి నాలుగు మూలలా పెట్టాల్సిన వాటిని టీవీ పైన వరుసగా దేవుడి పటాల్లా నిలబెట్టి, శుక్రవారాలు కుంకుమ కూడా పెట్టించేవాడు. "సౌండంటే ఎట్లుండాలప్పా? పక్కింటోళ్ల కిటికీ అదరాల. అదరకపోతే ఏం లాభం, సుమ్నె దండగ" అన్నాడు. రెండో సలహా కంప్యూటర్ అంగడి భాయ్‌ది. ఆయన దగ్గరికి మూడు వారాలు రోజూ వెళ్లాను. కంప్యూటర్లోనే పుట్టిన సౌండు వద్దనీ, విడిగా కార్డు వేసుకోమనీ చెప్పి, దాని వెనక రంధ్రాలు చూపించాడు. "దేఖో తమ్ముడూ, పచ్చది స్పీకర్‌కి. గులాబీది మైకుకి. ఈ నీలం ఉండాది చూడు, ఇదే అసలుది. టేపురికార్డరు వైరు సీదా ఇందులో పెట్టు. బయటి గలాటా ఏమీ రాదు, మీ నాయన ఒక్కడే వస్తాడు." ఆ చివరి మాటకే నేను కార్డు కొన్నాను.

స్పీకర్లు ఎంచడానికి నాయననే అంగడికి తీసుకెళ్లాను. భాయ్ మొదట పెద్ద డబ్బా ఉన్న సెట్టు పెట్టి, అప్పట్లో టిప్పర్లలో మోగే పాట ఒకటి వేశాడు. గాజు బీరువా గజగజలాడింది. నాయన రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని కాసేపు శ్రద్ధగా విని, "ఇందులో మనిషి యాడుండాడప్పా?" అని అడిగాడు. భాయ్ నవ్వి, మూలనున్న రెండు చిన్న చెక్క స్పీకర్లు దులిపి తగిలించాడు. "ఆఁ, ఈడుండాడు" అన్నాడు నాయన. బేరం ముగిసింది. నాకు మాత్రం లోపల కొంచెం చిన్నతనంగా అనిపించింది. కిటికీలు అదరని స్పీకర్లు కొన్నానని సావుకారుకు ఏ మొహంతో చెప్పాలి!

టేపురికార్డరుకు కావలసిన వైరు మాత్రం భాయ్ దగ్గర లేదు, బెంగళూరు నుంచి రావాలి. పదిహేను రోజులన్నాడు. నా తెలివితేటలు వికసించింది ఆ పదిహేను రోజుల్లోనే. మా ఆఫీసు కంప్యూటరు దుమ్ముకు ఊపిరాడక చచ్చింది. విప్పితే లోపల గుప్పెడు ఎర్రమట్టి. అప్పటినుంచి మా ఆఫీసులో కంప్యూటర్ల వెనక ఖాళీగా ఉన్న రంధ్రాలన్నీ మూసేయడం ఆచారమైంది. ఆ పని చేసేది లప్పం మామ. సొట్టలు పడ్డ టిప్పర్లకు లప్పం మెత్తి నున్నగా చేసే మనిషి. మా ఇంటి కంప్యూటరును కూడా ఆయనకు అప్పగించి, "ఖాళీగా ఉండేవన్నీ మూసెయ్ మామా, ఒక్కటీ వదలొద్దు" అని మరీ మరీ చెప్పి డ్యూటీకి వెళ్లాను. పచ్చదాంట్లో స్పీకర్ల వైరుంది. గులాబీదాంట్లో భాయ్ ఉచితంగా ఇచ్చిన మైకుంది. నీలంది ఖాళీగా ఉంది. మామ చెప్పిన పని చెప్పినట్టు చేసే మనిషి.

వైరు వచ్చింది. ఆదివారం పొద్దున నాయన తలంటుకుని, ఉతికిన పంచె కట్టుకుని, కుర్చీ తెచ్చి కంప్యూటరు ముందు వేసుకున్నాడు. నాటకానికి వెళ్లే రోజుల్లోలాగే అమ్మ ఆయనకు మిరియాల పాలు ఇచ్చింది. నేను వైరు పట్టుకుని వెనక్కి వంగాను. నీలం రంధ్రం ఉండాల్సిన చోట టిప్పరు తలుపంత నున్నగా ఉంది. స్క్రూడ్రైవరుతో గీకాను. గోరుతో గీకాను. లప్పం మామ పనితనం కంప్లి వంతెన కూలినా చెక్కుచెదిరేది కాదు.

"ఏందప్పా, ఏమైండాది?" అన్నాడు నాయన. కొత్త కార్డు తెప్పించాలంటే మళ్లీ బెంగళూరు, మళ్లీ పదిహేను రోజులు. ఆ పంచె చూసి నాకు నిజం చెప్పడానికి నోరు రాలేదు. "ఏం లేదు నాయనా, మైకుతో పడతా. ఇంకా బాగొస్తాది" అన్నాను. టేపురికార్డరు ముందు మైకు పెట్టి, కిటికీలు మూసి, ఎవరూ శబ్దం చేయొద్దని ఆజ్ఞాపించి, మీట నొక్కాను.

అరిగిన రీలులోంచి రాజు లేచాడు. అంత గొంతు ఆ బక్క మనిషిదంటే నాకే నమ్మకం కలగలేదు. పద్యం చివర రాగం ఎక్కడికో వెళ్లి తిరిగొచ్చింది. నాయన దగ్గాడు. నేను ఉరిమి చూశాను. తొడ మీద తాళం వేశాడు. చెయ్యి పట్టుకుని ఆపాను. మళ్లీ దగ్గాడు. ఇంకో పద్యం మొదలైంది. "ఈడ శ్రుతి కొంచెం తప్పినాను, ఎవురూ కనుక్కోలేదు" అని గుసగుసగా నవ్వాడు. తర్వాత కుర్చీ ముందుకు జరుపుకుని, "ఇప్పుడు చూడప్పా, వన్స్‌మోర్ అంటారు. ముందు వరసలో మీయమ్మ..." అని ఏదో చెప్పబోయాడు.

"గమ్మునుండు నాయనా! అంతా పాడైతాండాది!" అని అరిచాను.

ఆయన గమ్మునున్నాడు. కంప్లి జనం వన్స్‌మోర్, వన్స్‌మోర్ అని కేకలు పెట్టారు. రాజు పద్యం మళ్లీ ఎత్తుకున్నాడు. చివరిదాకా నాయన కదలలేదు, దగ్గు వస్తే తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. టేపు అయిపోయాక రీలు వెనక్కి తిప్పబోతే, అమ్మ చెప్పినట్టే తెగి ముక్కలైంది.

ఆ రికార్డింగు ఆయనకు చెక్క స్పీకర్లలో వినిపించాను. "బాగుండాదప్పా" అన్నాడు. అది నా గురించో పద్యం గురించో అడగలేదు. నాకు మాత్రం పరువు పోయినట్టనిపించింది. దగ్గులు కత్తిరించాలని వారం రోజులు తంటాలు పడి, మూడింటిని విజయవంతంగా తీసేశాను కూడా. మిగతావి పద్యంతో కలిసిపోయి ఉండటంతో నా చేత కాలేదు. చేతకాకపోవడం మంచిదని అప్పుడు తెలియలేదు. మరుసటి ఏడాది నాయన పోయాడు. కొన్నాళ్లకు గనులూ ఆగాయి, టిప్పర్లూ ఆగాయి, నా ఉద్యోగమూ ఆగింది.

ఇప్పటికీ ఆ పద్యాలు వింటాను. గొంతు బాగుంటుంది. కానీ నేను వినేది దగ్గుల కోసం. శ్రుతి తప్పిందని నవ్విన నవ్వు కోసం. ముందు వరసలో మీయమ్మ అన్న దగ్గర, ఆ తర్వాతి మాట వస్తుందేమోనని ప్రతిసారీ ముందుకు వంగుతాను. వచ్చేది నేనే, ఇరవై మూడేళ్లవాడిని, కంప్యూటర్లు తెలిసినవాడిని, ఖంగుమని. ముందు వరసలో ఏం జరిగిందని తర్వాత అమ్మను అడిగితే, "ఏమో, నాకేం తెలుసు" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ కుర్రవాడి మీద కోపం తెచ్చుకుందామంటే నవ్వొస్తుంది, ఎంత గంభీరంగా అరిచాడో! వాడి అరుపు అయ్యాక నేను సౌండు పూర్తిగా పెంచుతాను. పద్యం వెనకాల, తువ్వాలు అడ్డం పెట్టుకుని, నా మాట విని కూర్చున్న మనిషి ఊపిరి సన్నగా వినిపిస్తుంది.