సెంచా అనుకుని తీసుకో

ఒరే బాబూ, అమ్మీ, అన్ని పన్లూ ఒక్క ఫోనుతోనే అయిపోతాయని మీరన్నప్పుడల్లా నాకు రాయగడ స్టేషనే గుర్తొస్తాది.

అప్పటికి మీ నాన్న నెలల పిల్లోడు. జొరమొచ్చి నాకు పాలు ఇగిరిపోనాయి. సంచిలో సిక్కటి తియ్యపాల రేకుడబ్బా ఉంది గానీ, దాన్ని తెరవడానికి ఏటీ లేదు. ఇంటికాడైతే మేకెట్టి కన్నం కొట్టేదాన్ని. ఆడు ఏడ్సి ఏడ్సి గొంతు పోయింది. నేను కూకోలేక, నిలబళ్లేక, బల్ల సుట్టూ తిరుగుతున్నాను.

ఎదర కూకున్న పెద్దాయన జేబులోంచి మడతకత్తి తీసి విప్పేడు. సిపాయిల రకమట. కత్తి, సెంచా, మరలు తిప్పేది, అన్నీ అందులోనే ఉన్నాయి.

"ఇంద తల్లీ."

నేను సెయ్యి సాపలేదు. "కత్తి సేతికి సేతికి ఇస్తే తగువొస్తాదండి. కిందెట్టండి."

"ఈ ఉమ్ముల్లోనా? పిల్లోడి నోట్లో ఎట్టే సెంచా కూడా దీనికే ఉంది కదమ్మా!" అని కత్తి ముడిసి, సెంచా విప్పేడు. "సెంచా అనుకుని తీసుకో."

తీసుకున్నాను. కత్తితో డబ్బా కోసి, టీకొట్టు వేణ్ణీళ్లలో పాలు కలిపి, ఆ సెంచాతోనే పట్టేను.

ఈలోగా ఆయన బండొచ్చేసింది. తియ్యపాలు కీళ్లలోకి దిగి బంకలా పట్టేసేయి. కత్తీ ముడవదు, సెంచా ముడవదు. పాపం, జేబులో ఎట్టుకోలేక దాన్ని తలమీదకెత్తి పట్టుకుని, "కత్తుంది బాబూ, జరగండి!" అంటూ ఎక్కేడు.

ఉండండి, కడిగిస్తానని అరవబోయేను. మీ నాన్నకి నా భుజమ్మీద అప్పుడే కన్నంటుకుంది. నోరు మూసుకున్నాను.