ఏసీ ఆపించే మాస్టారు

మాస్టారు ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారన్న కబురు విని ఏడ్చినవాళ్ళలో, ఆయన నికెల్ కడ్డీ గతేమిటని అడిగినవాళ్ళు ఎందరు?

వారమంతా స్కూల్లో ఫిజిక్సు చెప్పి, శుక్రవారం ఆరాధన అయ్యాక ముఐథర్ పేటలో మన కూడిక జరిగే విల్లా వెనక గదిలో మన పిల్లలకు మళ్ళీ పాఠం చెప్పేవారు. ముందు ఏసీ ఆపించేవారు. ఈ ఖతర్ ఎండల్లో తల్లులు సణగరా మరి? "చల్లగాలి తగిలినా కడ్డీ కుంచించుకుపోతుందమ్మా. అయస్కాంతం చేసిందేదో, గాలి చేసిందేదో ఎలా తెలుస్తుంది?" అనేవారు.

తీగచుట్టలో కడ్డీ. దాని కొస కింద సూది, సూదికి చిన్న అద్దం. అద్దం మీద పడ్డ లేజరు లైటు ఎదురు గోడ మీద ఎర్రచుక్కై నిలిచేది. కరెంటు ఇస్తే చుట్ట అయస్కాంతమై, నికెల్ కంటికి ఆననంత కొద్దిగా పొట్టిదయ్యేది. కింద సూది దొర్లి అద్దం తిరిగి, చుక్క మాత్రం బెత్తెడు జరిగేది. "లోహంలో పరమాణువులు మన కుర్చీల్లా వరసల్లో ఉంటాయర్రా. అయస్కాంతం వరస సర్దుతుంది, వేడి ఎడంగా జరుపుతుంది" అని చెప్పేవారు.

ఓసారి అది చూసి నాకు ఆవేశం వచ్చి, సృష్టికర్త మహిమ మీద అందుకున్నాను. చుక్క వెనక్కి నడిచింది. "బ్రదర్ గారూ, మీ ప్రసంగం సాగేకొద్దీ చుట్ట వేడెక్కి కడ్డీ కూడా సాగుతోంది. కాస్త ముగించండి" అన్నారాయన. పిల్లలు పడీపడీ నవ్వారు.

ఇప్పుడు కమిటీ పెద్దలు ఆయనకు ఫ్లెక్సీ కడతారట. చెప్పేవాళ్ళు దొరక్కపోతే ఈ సాయంత్రంతో క్లాసు మూసి, ఆ గదిలో బిర్యానీ గిన్నెలు పెడతారట. మనలో ఇంజినీర్లకు కరువా? ఒకాయన్ని అడిగితే "డ్యూటీ బ్రదర్" అన్నాడు. ఇంకొకాయన "ప్రార్థనలో పెడదాం" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. వెలిగించిన దీపాన్ని కుంచం కింద దాచేది మనం కాదా? ప్రార్థన వచ్చి స్విచ్చి వేస్తుందా?

నాకు బైబిలు తప్ప వేరే చదువు లేదు. అయినా పోయిన శుక్రవారం నేనే కరెంటు ఇచ్చాను. నోరు ఆపడం చేతకాక మళ్ళీ చుట్ట వేడెక్కించాను. ఓ పాప లేచి, "అంకుల్, చుక్క వెనక్కొస్తోంది, కాస్త ముగించండి" అంది. అచ్చం మాస్టారి మాటే.

ముగిస్తున్నాను. వెనక గదిలో ఏసీ ఆపేశాను. పిల్లలు చెమటలు తుడుచుకుంటూ గోడ మీద చుక్కకేసి చూస్తున్నారు. ఇంజినీరు బ్రదర్స్, బిర్యానీ తర్వాత తిందురుగాని, లేవండి. ఇవాళే, ఆ స్విచ్చి మీ చేత్తో వేయండి.