దాలమ్మ పిన్ని ఇచ్చిన టీ

పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ని నేను. వేసవిలో బేరాలు పడిపోతే మనుషుల్ని తగ్గించమన్నారు మా ఓనరు. జాబితా రాసింది నేనే. జీడిపిక్కలు నిదానంగా కొడుతుందని మొదట దాలమ్మ పిన్ని పేరే రాశాను. పద్దెనిమిదేళ్లు చేసిన మనిషికి ఆ మాట ఫోన్లో చెప్పేశాను.

ఇప్పుడు పెద్ద ఆర్డరొచ్చింది. కొత్తవాళ్లు హడావుడిగా కొడుతుంటే విరగని గుళ్లకన్నా ముక్కలే ఎక్కువొస్తున్నాయి. ఆవిడ నిదానం దేనికో అప్పటికి గానీ నా బుర్రకెక్కలేదు. ఈ రోజు సిగ్గు విడిచి వాళ్లింటికెళ్లాను.

గుమ్మంలో కూర్చుని మనవరాలికి అన్నం పెడుతోంది. జీడి చమురుకి ఎప్పుడూ నల్లగా మాడిపోయి ఉండే వేళ్లు తేటపడ్డాయి.

"ఇన్నాల్లకి సేతులు తెల్లబడ్డాయి బాబూ. ముందు ఈ పిల్ల బయపడిపోయేది, ఇప్పుడు నా సేతి ముద్దే తింతన్నాది" అంది. పిల్లకి ఇంకో ముద్ద పెట్టి, "రమ్మంటే వత్తాను. ఈపాలి ఎన్నాల్లుంచుతారు?" అనడిగింది.

ఈ ఆర్డరు అయ్యేదాకా చాలని ఓనరు పొద్దున్నే చెప్పారు నాకు.

"ఇంక తీసేది లేదు పిన్నీ" అనేశాను.

నమ్మింది. రేపే వస్తానంది. లోపలికెళ్లి టీ పెట్టి తెచ్చింది.

తాగేశానండీ. మీరైతే తాగగలిగేవారా?