తగ్గితే పెరిగినట్టే

"మీరు నెంబరు చూస్తున్నారు సార్, నా ఆట చూడట్లేదు!"

"నెంబరు ఊరికే దిగదమ్మా! పదహారొందలు దాటి ఉండేదానివి, మూడు నెలల్లో పదిహేనొందల ముప్ఫైకొచ్చేవు. కాకినాడ టోర్నమెంటులోంచి నీ పేరు తీసేస్తున్నాను. అంతే."

"తీసెయ్యండి! మా నాన్నకి ఏనుగేదో ఒంటేదో తెలీదు. ఆయనకే తెలిసింది నేను ఎదుగుతున్నానని. మీకు తెలీలేదు!"

అమలాపురంలో ఆ చెస్ కోచింగ్ గది కొబ్బరికాయల కొట్టు మీద ఉంటుంది. మెట్లెక్కుతూ సగంలో ఆగిపోయాడు పోలిరాజు. పైన కూతురు చెప్తున్న ఆ నాన్న తనే. ఒక్క క్షణం ఛాతీ పొంగింది. ఆ వెంటనే ఏదో గుచ్చుకుంది. దిగిందని మాస్టారు ఎందుకు అరుస్తున్నట్టు? దిగడం మంచిదే కదా?

పోలిరాజుది ఐ.పోలవరం. తాత, తండ్రి ఏరు సముద్రంలో కలిసే మొగలో వలలు లాగినవాళ్ళు. తనూ పెళ్ళయ్యేదాకా పడవెక్కాడు. తర్వాత రొయ్యల చెరువుల మీదికొచ్చి ఇరవయ్యేళ్ళుగా అక్కడే ఉన్నాడు. చెరువు తనది కాదు. మేత వెయ్యడం, నీళ్ళకి గాలి ఆడించే ఏరియేటర్లు చూసుకోవడం, వారం వారం వల విసిరి రొయ్య ఎంత ఎదిగిందో చూడడం ఆయన పని. కిలోకి ఎన్ని తూగితే అది కౌంట్. వంద కౌంటంటే ఇంకా పిల్ల. యాభైకి దిగితే ఫర్వాలేదు. ముప్ఫైకి దిగిందంటే చెరువు యజమాని భుజం తడతాడు. ఇంట్లో కూడా అంతే, భార్య సత్యవతికి షుగరు తగ్గితే డాక్టరు నవ్వుతాడు. రొయ్య ధర తప్ప పెరిగితే మంచిదైన నెంబరు ఆయన బతుకులో తగల్లేదు. ఆ ధర కూడా యజమానిదే.

అందుకని ఇంటర్ చదివే కూతురు అనిత ఫోను పట్టుకొచ్చి, "నాన్నా, రేటింగ్ తగ్గింది" అని నీళ్ళు నమిలినప్పుడల్లా, "భేషమ్మా!" అని వీపు తట్టాడు. ప్రతిసారీ ఆ సాయంత్రం పీతలు తెచ్చి ఇగురు పెట్టించాడు.

"పిల్ల ఏడుపు మొహంతో వస్తే పండగేంటండీ!" అని సత్యవతి చెయ్యి నోటికడ్డం పెట్టుకుంది.

"నీకు తెలీదు, ఊరుకోవే."

ఒక నెల ఆ రేటింగ్ కాస్త పెరిగింది. పోలిరాజు కంగారుగా కూతురి నుదురు తాకి చూశాడు. "ఒంట్లో బానే ఉందా అమ్మలూ? తిండి సరిగ్గా తింటన్నావా?" అన్నాడు. ఆ పిల్ల చాలాసేపు ఆయన మొహంలోకే చూసింది. "నిజమే నాన్నా. చిన్నచిన్న పిల్లల మీద గెలిచి తెచ్చుకున్నాను" అంది. ఆ తర్వాత గట్టివాళ్ళు వచ్చే పోటీలకే వెళ్ళింది. ఓడిపోతూ వచ్చింది. కూతురు తన మొహంలో ఏం చదువుకుందో ఆయనకి అప్పుడు తెలియలేదు.

ఇప్పుడు అనిత దడదడా మెట్లు దిగి ఎదురైంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "విన్నావు కదా. నువ్వే చెప్పు సార్‌కి" అని కొబ్బరికాయల కొట్టు ముందుకెళ్ళి నిలబడింది.

పోలిరాజు పైకెళ్ళాడు. మాస్టారు నాగసతీష్ ఇంజనీరింగ్ సగంలో వదిలేసిన కుర్రాడు. మాటలో మెత్తదనం ఉండదు.

"కూర్చోండి బాబాయిగారూ. మీ అమ్మాయి లెక్కలో నాకు ఆట రాదంట."

"చిన్నపిల్లండీ, నోరు జారింది. కానండీ... దిగిందని తవరెందుకండీ కోప్పడతన్నారు?"

"దిగితే పండగ చేసుకోమంటారా?"

"ఆయ్, మేం చేసుకున్నావండీ."

సతీష్ ఆయన్ని ఎగాదిగా చూశాడు. "రేటింగంటే ఏంటనుకున్నారు?"

"కౌంటే కదండీ. తగ్గేకొద్దీ ఎదిగినట్టు."

సతీష్ నవ్విన నవ్వుకి బల్ల మీది పావులు అదిరాయి. "అది రొయ్య కాదండీ బాబూ! ఇక్కడ పెరిగితేనే పెరిగినట్టు. తగ్గితే తగ్గినట్టే!"

పోలిరాజు బల్ల చివర కూలబడ్డాడు. ఓడిపోయి వచ్చిన ప్రతిసారీ పిల్లకి విందు పెట్టాడన్నమాట. "అయితే... మా పిల్ల చిక్కిపోతందాండీ?"

"అదే కదా నా ఏడుపు! చూపిస్తానుండండి." సతీష్ లాప్‌టాప్ లాక్కుని మొన్న రాజమండ్రిలో ఓడిన ఆట తీశాడు. ఎత్తులు ఒక్కొక్కటే జరిపాడు. వెనక్కి వెళ్ళాడు, మళ్ళీ జరిపాడు. పోయినేడు గెలిచిన ఆటొకటి పక్కన పెట్టాడు. నవ్వు ఎప్పుడు పోయిందో పోయింది.

"ఇది గెలిచిందండీ. అవతలివాడు మంత్రిని ఊరికే ఇచ్చేశాడు. ఇది ఓడిపోయింది. దీంట్లో సగందాకా నేనైనా ఇంత బాగా ఆడేవాణ్ణి కాదు. చివర్లో టైమైపోయి పోయింది."

"అంటే ఎదిగినట్టాండీ, తగ్గినట్టాండీ?"

"ఒక్క ఆట చూసి ఏం చెప్తామండీ!"

"మరి అన్నీ చూస్తేనండీ?"

"అన్నీ కలిపితే వచ్చేదే ఆ నెంబరు."

"అది తగ్గిందంటారు కదండీ."

"ఆయ్... కాదు, ఆగండి." సతీష్ తల గోక్కున్నాడు. "ఎవరితో ఆడింది, గెలిచిందా ఓడిందా, ఆ నెంబరుకి తెలిసింది అంతేనండీ. ఎలా ఆడిందో తెలీదు. అలాగని వదిలేద్దామా అంటే, బయటివాళ్ళు చూసేది దాన్నే. నాకూ తిక్కగానే ఉంది." లాప్‌టాప్ మూసేశాడు. "ఒక పని చెయ్యండి. కిందకెళ్ళి నిజం చెప్పెయ్యండి, రొయ్యల లెక్కలో మెచ్చుకున్నానని. అప్పుడైనా నా మాట వింటుంది. కొన్నాళ్ళు పోటీలు మానేస్తుంది."

పోలిరాజు కిటికీలోంచి చూశాడు. అనిత చున్నీతో మొహం తుడుచుకుంటోంది. తల్లి తిట్టినా, మాస్టారు అరిచినా, ఆ పిల్ల ఒక్క మొహం చూసి ధైర్యం తెచ్చుకుంది. ఆ మొహమే నెంబరుని తప్పు చదివిందని తెలిస్తే? మానేసేది కొన్నాళ్ళు కాదు. అసలు మళ్ళీ తన దగ్గరికి ఫోను పట్టుకురాదు. పోనీ చెప్పకుండా ఊరుకుందామా అంటే, ఇప్పుడు తెలిసిపోయింది. వచ్చే నెల తగ్గితే ఆ నవ్వు దానంతటది రాదు. పెరిగితే సంతోషించాలా? చిన్నపిల్లల మీద గెలిచి తెచ్చుకుందేమో, ఎవరికి తెలుసు?

"చెప్పలేనండీ" అన్నాడు చివరికి. "తవరూ చెప్పకండి. పేరు తియ్యకండి, కాకినాడ వెళ్ళనివ్వండి."

"తగ్గితేనో?"

"నాకు తెలీదండీ." పోలిరాజు లేచి సతీష్ చెయ్యి పట్టుకున్నాడు. "ఒక్క సాయం చెయ్యండి మాస్టారూ. దాని ఆటలు తవరు చూస్తారు కదండీ. నెల నెలా ఆ రేటింగ్ లిస్టు రాకముందే నాకో ఫోను కొట్టండి. నెంబరొద్దండీ, అది నా బుర్రలో తిరగబడిపోయింది. పిల్ల ఎదిగిందో లేదో ఆ ఒక్క ముక్క చెప్పండి చాలు. అది నా ముందుకొచ్చి నిలబడేసరికి మొహం ఎలా పెట్టుకోవాలో నాకు తెలియాలి కదండీ."